గళ్ల సంచికి అంటిన పేరు

నైజీరియాలోని లాగోస్ బజారులో ఎరుపు, నీలం గళ్ల ప్లాస్టిక్ సంచి కావాలంటే ‘ఘనా మస్ట్ గో’ అని అడిగితే చాలు. ఘనా వాళ్లు వెళ్లిపోవాలి అని దాని అర్థం. సంచికి ఇంత కఠినమైన పేరు!

1970లలో చమురు డబ్బుతో కళకళలాడిన నైజీరియాకు ఘనా నుంచి మేస్త్రీలు, కూలీలు, బడిపంతుళ్లు బతుకుదెరువుకు తరలివెళ్లారు. పశ్చిమాఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ 1979లో చేసుకున్న ఒప్పందం వీసా లేకుండా 90 రోజులు ఉండనిచ్చేది. తర్వాత చమురు ధర పడిపోయింది. ఎన్నికల ఏడాది వచ్చింది. 1983 జనవరిలో నైజీరియా అధ్యక్షుడు షెహు షగారీ ప్రభుత్వం, కాగితాలు లేని విదేశీయులు రెండు వారాల్లో దేశం విడవాలని ఆదేశించింది.

వెళ్లినవారు దాదాపు 20 లక్షలని అంచనా; అందులో సగం మంది ఘనా వాళ్లే. దొరికిన సంచిలో బతుకంతా కుక్కుకుని బయలుదేరారు. గళ్ల సంచికి ఆ పేరు అలా అంటుకుంది. ఘనా సరిహద్దు అప్పటికే మూసి ఉంది, టోగో కూడా తలుపులు వేసింది. మధ్యలో బెనిన్‌లో జనం రోడ్ల మీదే చిక్కుకుపోయారు. జనవరి చివర్లో ఘనాలోని రాలింగ్స్ ప్రభుత్వం దారి తెరిచింది. తీరా ఇల్లు చేరితే అక్కడ కరవు, కార్చిచ్చులు.

ఈ గాయానికి పాత జత ఒకటుంది. 1969 నవంబరులో ఘనా ప్రధాని కోఫీ బుసియా కూడా పర్మిట్లు లేని విదేశీయులకు రెండు వారాలే గడువిచ్చారు. అప్పుడు వెళ్లగొట్టబడినవారిలో నైజీరియా మూలాలున్న యోరుబా వ్యాపారులు ఎందరో. వాళ్లలో ఘనాలోనే పుట్టి పెరిగినవారూ ఉన్నారు. ఒగ్బొమోషో లాంటి పూర్వీకుల ఊళ్లకు వాళ్లు కొత్తవాళ్లలాగే చేరారు.