గురక, క్లోరోఫారము, హైదరాబాదు కమిషను

గురక పెట్టి నిద్రించువాడు సుఖముగా నిద్రించుచున్నాడని మనలో చాలమంది అనుకొందురు. కుంభకర్ణుని నిద్ర ఎంత గాఢమైనదో చెప్పవలసి వచ్చినప్పుడు కథకులు ముందుగా అతని గురకనే వర్ణింతురు. పగలంతయు పొలములో పనిచేసి వచ్చిన మనిషి పక్క మీద వాలగానే గురక మొదలైనచో, ఒళ్ళు అలసిన నిద్ర అని ఇంటివారు తృప్తి పడుదురు. ఆ గురక మధ్య మధ్య ఆగిపోయి, కొంతసేపటికి ఉలికిపాటుతో తిరిగి మొదలగుటను గమనించినను, దానిని వ్యాధిగా ఎంచువారు అరుదు.

అట్టి మనిషియే దివిసీమలోని ఒక పల్లె నుండి మచిలీపట్నమునకో, గుడివాడకో వచ్చి, గొట్టముతో కడుపు లోపల చూచు పరీక్షకై బల్ల మీద పడుకొన్నాడనుకొందము. కోత లేదు, కుట్టు లేదు. పరీక్ష కొద్ది నిమిషములది. భయము, బాధ తెలియకుండ నరము ద్వారా కొంచెము మత్తుమందు ఎక్కింతురు. అంతకు ముందు మత్తు వైద్యుడు వచ్చి, "రాత్రిళ్ళు గురక పెడతారా? మధ్యలో ఊపిరి ఆగినట్టు ఇంట్లో ఎవరైనా చూశారా?" అని అడుగును. రోగికి నవ్వు వచ్చును. కడుపు పరీక్షకు గురకతో ఏమి పని?

ఈ చిన్న ప్రశ్న వెనుక నూట డెబ్బది ఏండ్లకు పైబడిన చరిత్ర కలదు. అందులో ఒక ముఖ్య ఘట్టము తెలుగునేల మీదనే, హైదరాబాదు నగరములో జరిగినది.

మత్తుతో వచ్చిన మృత్యువు

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టను నగరమున విలియం మోర్టన్ ఈథరు ఆవిరి పీల్పించి ఒక రోగికి స్మృతి తప్పించెను. శస్త్రవైద్యుడు బాధ తెలియనీయక అతని మెడ మీది కణితికి శస్త్రచికిత్స చేసెను. మరుసటి ఏడు నవంబరులో స్కాట్లండులోని ఎడింబరో నగరమున జేమ్స్ యంగ్ సింప్సన్ అంతకంటె వాడుకకు సులువైన క్లోరోఫారమును ప్రవేశపెట్టెను. దీని వాసన తియ్యగా నుండును. ఈథరువలె మంట అంటుకొనదు. రుమాలు మీద కొన్ని చుక్కలు వేసి ముక్కు దగ్గర పట్టినను చాలును. కొద్ది నెలలలోనే ఇది దేశదేశములకు వ్యాపించెను.

అయితే 1848 జనవరి 28న ఇంగ్లండులోని న్యూకాసిల్ సమీపమున హన్నా గ్రీనర్ అను 15 ఏండ్ల బాలికకు కాలిగోరు తీయుటకై క్లోరోఫారము ఇచ్చిరి. నిమిషములలో ఆమె మరణించెను. ప్రాణాపాయము లేని చిన్న చికిత్స; ప్రాణము తీసినది మత్తు. తరువాత ఇట్టి మరణములు మరికొన్ని జరిగెను. మందు ముందుగా దేనిని ఆపుచున్నది: గుండెనా, ఊపిరినా? వైద్యలోకము రెండుగా చీలెను.

కలరా నీటి ద్వారా వ్యాపించునని చూపిన జాన్ స్నో మత్తు విద్యలోను ప్రథమగణ్యుడు. 1853లో విక్టోరియా రాణికి ప్రసవవేళ క్లోరోఫారము ఇచ్చినవాడు ఆయనయే. ఆవిరి చిక్కగా లోపలికి పోయినచో గుండెయే ఆగిపోవునని, కావున గాలిలో దాని పాలు కొలిచి ఇవ్వవలెనని స్నో వాదించెను. ఎడింబరో శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ మార్గము వేరు. నాడి చూచుచు కూర్చుండక రోగి శ్వాసను కనిపెట్టుడు, గొంతులో అడ్డు పడనీయకుడు అని ఆయన తన శిష్యులకు నేర్పెను.

నిజాము నగరములో పరిశోధన

సైమ్ శిష్యులలో ఎడ్వర్డ్ లారీ ఒకడు. ఆయన 1885లో హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగా చేరి, అక్కడి వైద్యపాఠశాలకు పెద్దయై, గురువు చెప్పిన పద్ధతినే విద్యార్థులకు నేర్పెను. 1846లో స్థాపించబడిన ఆ పాఠశాలయే తరువాత ఉస్మానియా వైద్య కళాశాల అయ్యెను. లారీ కాలమున అక్కడ స్త్రీలు కూడ వైద్యము చదువుకొనిరి. వారిలో రూపాబాయి ఫర్దూన్జీ హైదరాబాదు ఆస్పత్రులలో రోగులకు క్లోరోఫారము ఇచ్చు పనిని వృత్తిగా చేపట్టెను. మత్తు వైద్యములో స్థిరపడిన తొలి మహిళలలో ఆమెను లెక్కింతురు.

క్లోరోఫారము గుండెను నేరుగా ఆపదని, ఎల్లప్పుడును మొదట ఊపిరియే ఆగునని నిరూపింపవలెనని లారీ తలచెను. 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారము కమిషను నూరుకు పైగా కుక్కలపై ప్రయోగములు చేసి ఆ మాటనే చెప్పెను. లండనులోని "లాన్సెట్" పత్రిక దీనిని నమ్మలేదు. అంతట ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్, ఆ పత్రిక తరపున ఒక నిపుణుని పంపుటకు వేయి పౌనుల ధనము ఇచ్చుటకు ముందుకు వచ్చెను. ఔషధశాస్త్రమున పేరుమోసిన లాడర్ బ్రంటన్ 1889లో హైదరాబాదు చేరెను. లారీ, బ్రంటన్, బొంఫోర్డ్, రుస్తుంజీ కలిసి ఈ రెండవ కమిషనులో పనిచేసిరి. నాలుగు వందలకు పైబడిన జంతువులపై ప్రయోగములు జరిగెను. కొన్నింటిలో రక్తపు ఒత్తిడిని, ఊపిరిని యంత్రముల ద్వారా గీతలుగా దింపుకొనిరి. గుండెపై అపాయము కలదని నమ్మి వచ్చిన బ్రంటన్ సైతము తన అభిప్రాయము మార్చుకొనెను. 1890లో "లాన్సెట్" ఈ నివేదికను ప్రకటించెను. ఒక భారతీయ సంస్థాన రాజధానిలో జరిగిన ప్రయోగములు ఐరోపా వైద్యలోకమును కదలించిన అరుదైన సందర్భమిది.

తప్పిన మాట, నిలిచిన మాట

హైదరాబాదు తీర్పు పూర్తిగా నిలువలేదు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అను శాస్త్రజ్ఞులు క్లోరోఫారము గుండెను కూడ నేరుగా బలహీనపరచునని చూపిరి. 1911లో గుడ్‌మన్ లెవీ మరియొక రహస్యము బయటపెట్టెను. మత్తు తేలికగా ఉన్నప్పుడు భయము వలన గాని, మందుగా గాని ఎడ్రినలిన్ రక్తములో పెరిగినచో, క్లోరోఫారము సోకిన గుండె లయ తప్పి, వణకి, ఒక్కసారిగా ఆగిపోగలదు. భయపడుచు బల్ల ఎక్కిన ఆరోగ్యవంతులైన యువకులు మొదటి నిమిషములలోనే మరణించుటకు కారణము ఇదియని వైద్యులు గ్రహించిరి. నిదానముగా మత్తులో దింపిన కుక్కలలో ఈ సంగతి కనబడక పోయెను. ప్రయోగశాలలో ప్రశ్నను అడిగిన తీరును బట్టియే జవాబు వచ్చునని విద్యార్థులు ఇచట గమనింపవలెను.

కాలక్రమమున క్లోరోఫారము వాడుక నుండి తొలగిపోయెను. కాని సైమ్, లారీల ఉపదేశములో సగము మాట నేటికిని నిలిచియున్నది: మత్తులోనున్న మనిషి శ్వాసపై నుండి కన్ను తీయరాదు.

తడి కాగితపు గొట్టము

శ్వాస ఎందుకు ఆగును? దీనికి రెండు దారులు కలవు. మత్తు మెదడులోని శ్వాసకేంద్రమును నిద్రపుచ్చగా, రొమ్ము కదలకుండుట ఒకటి. రొమ్ము ఎగిరెగిరి పడుచున్నను గొంతు మూసుకొనిపోయి గాలి ఆడకుండుట రెండవది.

ఈ రెండవ దానిని తరగతిలో సులభముగా చూపవచ్చును. బొప్పాయి ఆకు కాడను నోట పెట్టుకొని పీల్చినచో గాలి చక్కగా వచ్చును. దాని గోడలు గట్టివి. పలుచని కాగితమును గొట్టముగా చుట్టి, తడిపి, గట్టిగా పీల్చినచో గోడలు ఒకదానికొకటి అంటుకొని దారి మూసుకొనును. ఎంత గట్టిగా పీల్చిన అంత గట్టిగా మూసుకొనును. మన శ్వాసనాళము మెత్తటి ఎముకల కట్లతో బొప్పాయి కాడవలె నిలిచియుండును. నాలుక వెనుకనున్న గొంతు భాగము మాత్రము తడి కాగితపు గొట్టము వంటిది. చుట్టునున్న కండరముల బిగువే దానిని తెరచి ఉంచును. నిద్రలో ఆ బిగువు సడలును, మత్తులో ఇంకను సడలును. వెల్లకిల పడుకొన్నప్పుడు నాలుక కూడ వెనుకకు జారును.

క్లోరోఫారము రోజులలోనే వైద్యులు దీనికి విరుగుడు వెదకిరి. సైమ్ అల్లుడగు జోసెఫ్ లిస్టర్ నాలుకను పట్టుకారుతో ముందుకు లాగుమనెను. 1874లో నార్వే వైద్యుడు హైబర్గ్, క్రింది దవడను రెండు చేతులతో ముందుకు ఎత్తినచో నాలుక దానితోపాటు లేచి దారి తెరచుకొనునని వ్రాసెను. జర్మనీలో ఎస్మార్క్ ఈ ఉపాయమునే ప్రచారము చేసెను. నేటికిని మత్తు వైద్యుడు మొదట చేయునది ఇదియే.

నిద్రలో ఆగు ఊపిరి

మత్తు లేకయే, ప్రతి రాత్రి నిద్రలోనే గొంతు ఇట్లు మూసుకొనుట కొందరికి వ్యాధి. 1965లో ఫ్రాన్సులోని మార్సేలులో గాస్తో, ఆయన సహచరులు స్థూలకాయులైన రోగుల నిద్రను రాత్రంతయు యంత్రములతో నమోదు చేసి, ఊపిరి మాటిమాటికి ఆగుటను చూచిరి. జర్మనీలోను ఆ ఏడే ఇట్టి పరిశీలన జరిగెను. 1976లో అమెరికాలో గిల్మినో దీనిని "స్లీప్ అప్నియా" వ్యాధిగా వివరించెను. 10 సెకండ్లు గాని అంతకు మించి గాని శ్వాస ఆగుటనో, బాగుగా సన్నగిల్లుటనో ఒక లెక్కగా పట్టి, గంటకు 5కు తక్కువైనచో సాధారణముగను, 30 దాటినచో తీవ్రముగను ఎంతురు. 1981లో ఆస్ట్రేలియాలో కొలిన్ సల్లివన్ ముక్కు ద్వారా కొద్ది ఒత్తిడితో గాలిని ఎడతెగక పంపి, గొంతు గోడలను లోపలి నుండి తెరచి నిలిపెను. అదియే నేటి సీపాప్ యంత్రము.

ఊపిరి అన్నిసార్లు ఆగినను ఆ రోగి తెల్లవారి ఎట్లు లేచుచున్నాడు? రక్షించునది మెలకువ. ఊపిరి ఆడనప్పుడు రక్తములో ప్రాణవాయువు తగ్గి, బొగ్గుపులుసు వాయువు పెరుగును. మెదడు ఉలికిపడి ఒక్క క్షణము మేల్కొనును. గొంతు కండరములు బిగియును. పెద్ద గురకతో గాలి లోపలికి పోవును. రోగికి ఈ మెలకువ జ్ఞాపకముండదు. పగలు కునికిపాట్లు, ఉదయము తలనొప్పి, రక్తపోటు మాత్రము మిగులును.

మత్తు, నిద్రరోగము కలిసినప్పుడు

ఇప్పుడు గురకను గూర్చిన ప్రశ్నకు అర్థము తెలియును. మత్తుమందు గొంతును సడలించును. అంతకంటె ముఖ్యముగా, ఆ రక్షించు మెలకువను అణచివేయును. కాపలావానికే నిద్రమందు పెట్టినట్లగును. నల్లమందు జాతి నొప్పి మందు తోడైనచో శ్వాసకేంద్రము కూడ మందగించును. ఇంటిలో అరనిమిషములో తనంతట తొలగిన అడ్డు, బల్ల మీద ఎవరో ఒకరు తొలగించువరకు నిలిచిపోవచ్చును.

అందుచేతనే 2008లో కెనడాలో ఫ్రాన్సెస్ చుంగ్, ఆమె సహచరులు ఎనిమిది ప్రశ్నల పట్టికను పూర్తిచేసిరి. బిగ్గరగా గురక, పగటి అలసట, ఊపిరి ఆగుటను ఎవరైన చూచుట, రక్తపోటు, స్థూలకాయము, 50 ఏండ్లు దాటిన వయస్సు, లావైన మెడ, పురుషుడగుట అనునవి ఆ ఎనిమిది. మూడింటికి అవునన్నచో జాగ్రత్త అవసరము. అయిదు, అంతకు మించినచో అపాయము హెచ్చు.

యంత్రముల సాయము కూడ పెరిగినది. జపానులో అయొయాగి టకువో 1974లో ప్రకటించిన సూత్రముపై పల్స్ ఆక్సిమీటరు పుట్టెను. వ్రేలికి తగిలించినంతనే రక్తములోని ప్రాణవాయువు నిండుదలను చూపును. కాని ఇందొక మెలిక కలదు. రోగికి ముక్కు ద్వారా ప్రాణవాయువు ఇచ్చుచున్నప్పుడు ఊపిరి ఆగినను కొంతసేపు ఆ అంకె బాగుగనే కనబడును. బయటికి వచ్చు ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును కొలుచు కాప్నోగ్రాఫు, శ్వాస ఆగిన వెంటనే గీత చదునుచేసి చూపును. పరికరము ఏదైనను, రోగి రొమ్మును, గొంతు చప్పుడును గమనించుటకే ఒక మనిషి ప్రత్యేకముగ ఉండవలెను.

మత్తు తగ్గినంతనే అపాయము తీరలేదు. రోగిని ప్రక్కకు తిప్పియో, తల ఎత్తుగా పెట్టియో కొంత ఎక్కువసేపు కనిపెట్టియుండవలెను. సీపాప్ వాడువారు ఆ యంత్రమును ఆస్పత్రికి వెంట తెచ్చుకొనవలెను. ఇంటికి వెళ్ళిన రాత్రి మద్యము, నిద్రమాత్రలు కూడవు. ఇంతటి జాగ్రత్తతో ఈ వ్యాధి గలవారిలో అత్యధికులు పరీక్షలను క్షేమముగా చేయించుకొనుచున్నారు. భయపడి చికిత్స మానుకొన పనిలేదు.

కష్టమంతయు వ్యాధి ఉన్నదని తెలియకుండుటలోనే ఉన్నది. నిద్రించువానికి తన గురక వినబడదు, తన ఊపిరి ఆగుట కనబడదు. ఆ సాక్ష్యము ఇంటివారిది. తాత పడుకొన్న మంచము ప్రక్కన కూర్చుండి, గురక ఆగినప్పుడు గడియారము చూచి సెకండ్లు లెక్కించుట హైస్కూలు విద్యార్థి చేయగల పనియే. ఆ లెక్కను ఒక కాగితము మీద వ్రాసి, తాత ఆస్పత్రికి పోవునాడు వైద్యుని చేతికి ఇచ్చినచో, హైదరాబాదు కమిషను అన్ని ప్రయోగములు చేసి చెప్పిన నిలువదగిన మాటను ఆ పిల్లవాడు తన ఇంటిలోనే ఆచరించినట్లగును.