విశ్రాంతి పొందిన చేతులు

ప్రత్యక్షగుడారపు సేవలోనున్న లేవీయులు ఏబది యేండ్లు నిండగానే ఆ పని మానవలెనని సంఖ్యాకాండము 8వ అధ్యాయములో నియమము గలదు. ఆ పని తేలికైనది కాదు. మెరారీ వంశస్థులు పలకలు, స్తంభములు, దిమ్మలు, మేకులు తమ వశమందుంచుకొని, మజిలీ మజిలీకి గుడారమును విప్పి మరల నిలువబెట్టుచుండిరి. వయసు మీరినవానికి ఆ బరువు తగదని దేవుడెరుగును. అయితే వాడు ఊరక కూర్చుండవలెనని అచ్చట వ్రాయబడలేదు. తన సహోదరులకు తోడుగానుండి గుడారమును కాపాడవలెనన్నదే ఆ నియమములోని రెండవ భాగము. దేవుడు వాని భుజముమీది బరువు దించెను గాని, చేతిలోని నేర్పును తీసివేయలేదు.

ఈ రెండవ భాగమును మనము మరచుచున్నాము. మన గోదావరి సీమ చరిత్ర దానిని జ్ఞాపకము చేయుచున్నది.

1836లో ఇంగ్లండునుండి మన దేశమునకు వచ్చి, నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో గోదావరి డెల్టా మిషనును స్థాపించిన విలియం బౌడెన్ రాతిపని చేసినవాడు; ఆయన జతపనివాడు జార్జి బీర్ చెప్పులు కుట్టినవాడు. చేతిపని చేసి బ్రదికినవారే మన సంఘములకు పునాది వేసిరి. కావున చేతిపనిని చిన్నచూపు చూచుట మనకు తగదు.

ఆ కాలమున ఈ సీమ 1833 నాటి కరువుచేతను, 1839 నాటి కోరంగి తుపానుచేతను చితికిపోయి యుండెను. నది నిండుగా సముద్రములో కలియుచుండగా ఒడ్డున జనులు ఆకలితో చచ్చుచుండిరి. ఆర్థర్ కాటన్ దొర 1847లో ధవళేశ్వరము వద్ద ఆనకట్ట పని ఆరంభించి 1852లో ముగించెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా కట్టబడిన ఆ కట్టడములో రాయి మోసినవారు, సున్నము కలిపినవారు, ఇనుము కాచినవారు మన తెలుగువారే. పనిని దగ్గరనుండి నడిపించిన వీణం వీరన్నగారి పేరు నేటికిని చెప్పుకొందురు.

కాటన్ భక్తిగల క్రైస్తవుడు. అయినను ఆనకట్ట ఆయన జీతము పుచ్చుకొని చేసిన పని. జీతము ముగిసిన పిమ్మట ఆయన చేసినదానిని మనము తక్కువగా తలంతుము. 1860లో ఉద్యోగము విడిచి స్వదేశమునకు వెళ్లి, 1899లో తన 96వ యేట కన్నుమూసెను. నడుమ దాదాపు నలుబది యేండ్లు! 1877లో మద్రాసు కరువును గూర్చి పుస్తకము ప్రచురించెను. మరుసటి యేడు, డెబ్బదియైదేండ్ల వయసున, పార్లమెంటు సంఘమువారి యెదుట నిలిచి, కాలువలు త్రవ్వినయెడల నీరును పడవదారియు కలిగి పేదలు బ్రదుకుదురని వాదించెను. అధికారులు రైలుబాటలవైపే మొగ్గిరి. ఆయన నిరాశపడి మౌనము వహింపలేదు. డార్కింగులోని తన తోటలో నేలను లోతుగా త్రవ్వించి, కొద్దిచోట ఎక్కువ గోధుమ పండించు విధము పరీక్షించెను. ఆ పాత ఆనకట్టకు బదులుగా 1982లో పూర్తియైన బ్యారేజి ఆయన పేరనే యున్నది.

రాజమహేంద్రవరమందు మరియొక వృద్ధుని చరిత్ర గలదు. 1842లో గుంటూరునకు వచ్చిన లూథరన్ మిషనెరీ ఫాదర్ హయ్యర్ ఆయన. 1869లో పనివారు చాలక రాజమండ్రి మిషనును వేరొక సంఘమునకు అప్పగింప తలపెట్టగా, 76 యేండ్ల ఆ ముసలి బోధకుడు తాను పోవుదునని ముందుకు వచ్చెను. ఆ సంవత్సరాంతమున మూడవమారు మన దేశమునకు వచ్చి, పడిపోబోవు గోడకు ఆసరాకఱ్ఱవలె నిలిచి, యువకుడైన ష్మిట్ వచ్చిన పిమ్మట 1871లో పని ఆయనకు విడిచి వెళ్లెను. తాను ఏలుటకు గాక, తరువాతివాని చేతికి నిలిచియున్న పనిని అందించుటకే వచ్చెను. లేవీయుల నియమమిదియే గదా!

ప్రియ సంఘస్థులారా, మన గ్రామములలో తాపీ విడిచిన మేస్త్రీలు, ఉలి విడిచిన వడ్రంగులు, పింఛను పుచ్చుకొను ఓవర్సీయర్లు ఎందరో యున్నారు. అరుగుమీద కూర్చుండి, తాము ఇంటివారికి భారమని తలంచుచున్నారు. గోడలు లేచి కప్పు పడని ప్రార్థనామందిరములును మనకు కొరత లేదు. మన నల్లరేగడి వానకు ఉబ్బి యెండకు బీటలు వారును. పునాది యెంత లోతు పోవలెనో, ఇసుక యెంత నింపవలెనో ఆ ముసలి మేస్త్రికి తెలియును. 1996 నవంబరు తుపాను కోనసీమను కొట్టినట్టి వేళలలో, ఏ గోడ నిలుచునో, ఏది పడగొట్టవలెనో చూచి చెప్పగల కన్ను యెంత విలువైనది! ఒక విధవరాలి కప్పు కురియుచున్నదా? ఇటుక మోయుటకు యువకులున్నారు; మట్టపుగుండు పట్టి గోడ వంకర చెప్పువాడు కావలెను.

పెద్దలను గౌరవించుటయనగా ముందు వరుసలో కుర్చీ వేయుట మాత్రమే కాదు, వారి నేర్పును అడిగి పుచ్చుకొనుటయు గౌరవమే. సంఘపెద్దలు వారి గుమ్మమునకు వెళ్లి అడుగుదురు గాక. పెద్దలారా, మీరును పిలుపుకొరకు కనిపెట్టక, మూలనున్న మట్టపుగుండు తీసికొని వచ్చి, ప్రక్కన ఒక కుఱ్ఱవానిని నిలుపుకొనుడి. మీ చేతి నేర్పు మీతో సమాధికి పోకుండును గాక.