జావాతీరమున మునుగుచున్న పల్లె



జావాద్వీపపు ఉత్తరతీరమున, సెమరాంగు పట్టణమునకు తూర్పుగా, దెమాకు జిల్లా కలదు. ఆ జిల్లాలోని సాయుంగు ప్రాంతమున, సముద్రపుటంచున, తింబుల్‌స్లోకో అను చిన్న గ్రామమున్నది. అచ్చటి భాషలో 'తింబుల్' అనగా పైకి లేచుట, నీటిమీదికి తేలుట. పూర్వులు ఏ యభిప్రాయముతో ఆ పేరు పెట్టిరో కాని, ఇప్పుడా గ్రామము నానాటికి నీటిలోనికి దిగుచున్నది. గ్రామమును ఆ దేశస్థులు 'దేస' యందురు. అది మన మెఱిగిన దేశశబ్దమే. సంస్కృతమునుండి వెనుకటి కాలమున జావాకు పోయి, అచ్చట అర్థము కుంచించుకొని పల్లెకు పేరైనది. ఈ పూట ఆ దేసను గూర్చియు, ముఖ్యముగా దాని భూమిని గూర్చియు విన్నవించెదను.

అసలా భూమి యెక్కడిది? పూర్వము మురియా యను అగ్నిపర్వతము వేరొక ద్వీపముగా నుండెడిది. దానికిని జావాకును నడుమ సముద్రపుపాయ ప్రవహించెడిది. ఆ పాయ యొడ్డున దెమాకు పట్టణము ఓడరేవుగా వెలసినది. 15వ శతాబ్దపు తుదిని అచ్చట జావాలోని మొదటి గొప్ప ముసల్మాను రాజ్యము తలయెత్తెను. మలక్కాకు బియ్యము పంపిన రేవులలో దెమాకు ఒకటి. 1511లో పోర్చుగీసువారు మలక్కాను పట్టుకొనిరి. తరువాత దెమాకు నేలిన పాతి ఊనుసు, రెండేండ్లు తిరుగకముందే పెద్ద నౌకాబలముతో వారిపై దండెత్తి పోయి, ఓడిపోయి వచ్చెను. ఆతనిని ఓడించినవారు పోర్చుగీసులు. ఆతని రేవును ఓడించినది మాత్రము బురద. ఏఱులు తెచ్చిన యొండ్రు ఏటేట పేరుకొని ఆ పాయను పూడ్చివేసినది. మురియా జావాతో కలిసిపోయినది. ఒకప్పుడు ఓడలు నిలిచిన దెమాకు పట్టణమునుండి నేడు సముద్రము చూడవలెనన్న క్రోసులకొలది నడువవలెను.

ఇట్లు సముద్రము విడిచిన నేలమీదనే ఆ ప్రాంతపు వరిచేలు వెలసినవి. ఒక్క సంగతి యిచ్చట గమనింపవలెను. క్రొత్తగా పోసిన గట్టు ఒక వానకాలము గడచుసరికి కొంత క్రుంగునని తామెఱుగుదురు. ఈ మైదానమంతయు అట్టి క్రొత్త గట్టే. దాని మన్ను ఇంకను గట్టిపడలేదు. అయినను పైరునకు మిక్కిలి మంచిది.

మంచి నేల యున్నంతమాత్రమున కడుపు నిండునన్న నమ్మకము లేదు. 1830 మొదలు డచ్చివారు జావా రైతులచేత నీలి, చెఱకు మున్నగు ఎగుమతిపంటలను నిర్బంధముగా పండింపజేసిరి. పన్నుల భారమును, వెట్టిచాకిరియు, పంటల చెరుపును ఒక్కటై 1849, 1850 సంవత్సరములలో దెమాకు, గ్రొబోగాను ప్రాంతములను ఘోరమైన క్షామము కబళించెను. చచ్చినవారెందఱో, ఊళ్లు విడిచిపోయినవారెందఱో లెక్కలు ఒకదానితో నొకటి పొసగవు. ఆ పిమ్మటనే డచ్చి ప్రభుత్వము కన్నుదెఱచి తుంతాంగు నదిపై గ్లాపాను వద్ద ఆనకట్ట కట్టించెను. జావాలోని తొలి పెద్ద నీటిపారుదల పనులలో అది యొకటి. ఆకలిచావులు కలిగినగాని కాలువలు రాకపోవుట ఆ యొక్క దేశపు వింతయే కాదు.

తింబుల్‌స్లోకో వృద్ధులు తమ యౌవనకాలమును తలచుకొనునప్పుడు చెప్పునది వరిచేలమాట, కొబ్బరిచెట్లమాట. ఊరివారు రైతులే. సముద్రము దూరముగా నుండెడిది. చేపలు పట్టువారు పట్టుచుండిరి. జావాలో గ్రామాధికారులకు జీతమునకు బదులుగా 'బెంగ్‌కోక్' అను మాన్యము నిచ్చుట ప్రాతయాచారము. పదవి యున్నంతకాలము ఆ భూమి ఫలమనుభవించి, పదవితోపాటు దానిని వదలవలెను. మన మాన్యములను కన్నవారికి ఇది వేఱుగ వివరింపనక్కఱలేదు. భూమి మునిగినచోట ఆ జీతమును మునుగును గదా!

1980 ప్రాంతమున రొయ్యకు విదేశములలో గిరాకి హెచ్చెను. జావా ఉత్తరతీరమంతట తీరపు మడచెట్లను నఱికి 'తంబాక్' అను చేపల చెఱువులు త్రవ్విరి. వానిలో రొయ్యలను, బాండెంగు అను వెండివంటి పొలుసుల చేపలను పెంచిరి. కొన్నియేండ్లు ధనము బాగుగ వచ్చినది. మడచెట్టు వేళ్లు ఒండ్రును పట్టి నిలుపునని, కెరటము తాకిడిని తగ్గించునని ముసలివా రెఱుగక కాదు. కాని చేతికి వచ్చు రొక్కమునెదుట చెట్టు పక్షమున మాటలాడువా రెందఱుందురు? 1990 తరువాత రొయ్యలకు తెగుళ్లు తగిలి ఆ లాభమును తఱిగిపోయినది. చెట్లు మాత్రము తిరిగి రాలేదు.

అదే కాలమున ఆటుపోట్ల నీరు చేలలోనికి వచ్చుట మొదలైనది. ఈ ముంపును అచ్చటివారు 'రోబ్' అందురు. మొదట పెద్దపోటులకు మాత్రమే వచ్చెడిది, వచ్చి పోయెడిది. తరువాత పోవుట మానెను. ఉప్పుతగిలి వరి చచ్చెను, కొబ్బరి మోడువాఱెను. చేలను చెఱువులుగ మార్చుకొనిరి. చెఱువుగట్లును తెగి, చెఱువులు సముద్రములో కలిసెను. ఇట్లు ఒక్క తరములోనే రైతు చెఱువుల కాపయి, చెఱువుల కాపు వలవేయువాడయ్యెను. తన తండ్రి దున్నిన చేనిమీదనే నేడతడు పడవ నడుపుచున్నాడు.

ఇందుకు కారణము సముద్రమొక్కటే కాదు. భూతాపమువలన సముద్రమట్టము పెరుగుచున్నమాట నిజమే; కాని ఆ పెరుగుదల ఏటికి కొన్ని మిల్లీమీటర్లు. ఈ తీరమున నేల క్రుంగుట కొన్నిచోట్ల ఏటికి 10 సెంటీమీటర్ల వరకు కనబడినది. సెమరాంగులోను, దాని చుట్టుప్రక్కలను వెలసిన కర్మాగారములును, పెరిగిన జనమును లోతుబావులు త్రవ్వి భూగర్భజలమును ఎడతెగక తోడుకొనిరి. నీరుపోయిన మన్ను అణగిపోయినది. సెమరాంగు రేవు కట్టడములవలన కెరటముల నడక మాఱి తమ తీరము కోతపడినదని గ్రామస్థుల ఫిర్యాదు. సొంతముగ లోతుబావి త్రవ్వుకొననివాని యిల్లును త్రవ్వుకొన్నవాని యింటితోపాటే దిగుచున్నది.

పొరుగున బెదోనో అను గ్రామమున్నది. అందలి రెండు పల్లెలవారిని ప్రభుత్వమువా రిదివఱకే వేఱొకచోటికి తరలించిరి. అచ్చట షేకు అబ్దుల్లా ముద్జకిర్ అను మహనీయుని సమాధి మాత్రము చుట్టును సముద్రముండగా నిలిచియున్నది. యాత్రికులు నేటికిని పోవుచుందురు. తింబుల్‌స్లోకోలో మిగిలినవారు ఇంటినేలను మట్టిపోసి ఎత్తుచేసిరి. నీరు మరల వచ్చెను, మరల ఎత్తుచేసిరి. నేల యెత్తిన కొలది కప్పు తలకు తగులసాగెను. కడకు మట్టికి వెచ్చింపలేక, నీటిమీద కొయ్యపలకలు పఱచి, వానిపై కాపురముండిరి. ఇల్లిల్లు తిరుగుటకు పలకల వంతెనలు కట్టుకొనిరి.

2015 మొదలు 2021 వఱకు ఇండోనీషియా ప్రభుత్వమును, వెట్‌లాండ్సు ఇంటర్నేషనల్ అను సంస్థయు, తోడివారును కలిసి ఈ తీరమున నొక ప్రయత్నము చేసిరి. రాతిగోడకు బదులు గుంజలు పాతి, నడుమ పుల్లకంప కుక్కి, దడులవంటి అడ్డుకట్టలు కట్టిరి. నీరు దూఱిపోవును, ఒండ్రు లోపల నిలుచును, నిలిచినచోట మడచెట్టు తనంతట తాను మొలచును. ఉపాయము చక్కనిది. కొన్నిచోట్ల మొక్కలు లేచినవి గూడ. కాని నేల క్రుంగు వేగమునకు ఒండ్రు పేరుకొను వేగము చాలలేదు.

ఇక భూమిహక్కు. 1960 నాటి ఇండోనీషియా భూమిచట్టము 27వ ప్రకరణము ప్రకారము, భూమి నశించినచో దానిపై స్వామ్యమును నశించును. 2021లో వచ్చిన నిబంధనలు నశించిన భూమి యన నేమో వివరించినవి. దానిని తిరిగి మెరకచేసికొనుటకు హక్కుదారునకు మొదటి అవకాశ మీయవలెనన్నవి. పలకలమీద కాపురముండువాడు సముద్రమును పూడ్చుట యెట్లో చెప్పలేదు. సెమరాంగునుండి దెమాకునకు వేయదలచిన సుంకపుబాట ఈ తీరముననే పోవును. అందు కొంతభాగము సముద్రమునకు అడ్డుకట్టగా గూడ ఉండవలెనని నిర్ణయించిరి. సాయుంగునుండి దెమాకువఱకు గల భాగము 2023లో తెఱవబడెను. మిగిలిన భాగమునకు కావలసిన నేల చాలవఱకు నీటిక్రిందిదే. పత్రములున్న రైతులు వెల యడిగిరి. నశించినదానికి వెల లేదనియు, 'కెరోహిమాను' మాత్రమీయవచ్చుననియు అధికారులనిరి. ఆ మాట అరబ్బీ 'రహీము'నుండి వచ్చినది, అర్థము కరుణ. ఆ సొమ్ము వెలకన్న తక్కువ. నీటిక్రిందనున్న భూమి నశించినట్లా, మునిగినట్లా యని వారు చాలకాలము వాదులాడిరి.

తింబుల్‌స్లోకోవారు తమ గోరీలదొడ్డిని సైతము మట్టితో ఎత్తుచేసికొనిరి. ఊరు విడిచి పోయినవారును తమవారి గోరీలను చూచుటకు ఆ పలకల వంతెనలమీదనే నడచి వత్తురు.