మైదానం అంచున నిలబడ్డోళ్లు

రండ్రి బిడ్డా, ఇట్ల మంట దగ్గర కూసోండ్రి. టెక్సాస్ చలి మన ఓరుగల్లు చలి లెక్క కాదు. ఉత్తరపు గాలి తిరిగిందంటే పొద్దుగాల కొట్టిన ఎండ మాపటికి యాదికి గూడ రాదు. ఇంకో రెండు కట్టెలు ఎగదొయ్యి పెద్దోడా.

ఇందాక మన చిన్నమ్మి తన హైస్కూల్ ఫుట్‌బాల్ టీంల స్టూడెంట్ ట్రైనర్‌గ చేరినన్నది. "నీళ్లు మోసే పనా" అని మీరు నవ్విన్రు. నవ్వద్దు. ఆ పని ఎన్కాల నూరేండ్లకు మించిన ముచ్చటున్నది. ఈ దేశంల ఆడుకోను పోయిన పిల్లగాడు తన కాళ్ల మీద తను నడిచి ఇంటికొస్తున్నడంటే, ఆ నీళ్లు మోసేటోళ్లకు అందుల పెద్ద వాటా ఉన్నది. ఆ ముచ్చట ఇయ్యాల చెప్తా, వినుండ్రి.

ఇది మన హైదరాబాదుల కాలితోటి తన్నే ఫుట్‌బాల్ కాదు. బంతి చేతుల పట్టుకొని ఉరికేటోన్ని మీద పడి కింద పడేసే ఆట. మొదట్ల హెల్మెట్లు లేవు, మెత్తలు లేవు. 1881ల హార్వర్డ్ యూనివర్సిటీ తన టీం కోసం జేమ్స్ రాబిన్సన్ అనేటాయనను పనిల పెట్టుకున్నది. ఈ దేశంల అథ్లెటిక్ ట్రైనర్ల లెక్క ఆయన నుంచే మొదలు పెడ్తరు. కానీ అది పెద్ద కాలేజీ, పైసలున్న కాలేజీ. ఊర్ల బడి పిల్లలకు ఎవరున్నరు? కోచే అన్నీ. ఓ బకెట్టు, ఓ స్పాంజి, ఓ సీసాల ఘాటు లేపనం, గంతే.

1905ల ఏమైందంటే, ఆ ఒక్క సీజన్ల 18 మంది సచ్చిపోయిన్రని పత్రికలు లెక్కగట్టినయి. అందుల చానమంది బడి పిల్లలే. అప్పుడు ప్రెసిడెంటు థియోడర్ రూజ్‌వెల్ట్. ఆయన కొడుకు గూడ హార్వర్డ్‌ల ఆ ఆటే ఆడుతుండె. ఆయన హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ పెద్దల్ని వైట్‌హౌస్‌కు పిలిపించి ఆటను బాగు చేసుకోమని చెప్పిండు. మరుసటేడు నియమాలు మారినయి, బంతిని ముందుకు విసిరేటందుకు ఒప్పుకున్నరు. ఒకల మీద ఒకలు గుంపుగ పడుడు జర తగ్గింది. అయితే నియమం కాయితం మీద ఉంటది. మైదానంల పడ్డ పిల్లగాన్ని లేపేటోడు ఒకడు కావాలె గద?

ఆ లేపేటోనికి చదువు చెప్పిన మొదటి మనిషి డాక్టర్ శామ్యూల్ బిలిక్. 1917 ఆ ప్రాంతంల ట్రైనర్ల కోసమనే పుస్తకం రాసిండు. దాన్ని ట్రైనర్లు తమ బైబిల్ అనుకున్నరు. ఆ తర్వాతి ముచ్చట కాన్సస్ రాష్ట్రంల గార్డ్‌నర్ అనే చిన్న ఊరిది. అక్కడ చక్ క్రేమర్, ఫ్రాంక్ క్రేమర్ అని ఇద్దరు అన్నదమ్ములు. చక్ మందుల షాపు నడిపేటోడు. ఆయన చీలమండ బెణికితే నయం కానీకి తనే ఓ లేపనం కలుపుకున్నడంటరు. ఆ లేపనం నుంచి కంపెనీ పుట్టింది. 1933ల ఆ అన్నదమ్ములు 'ఫస్ట్ ఎయిడర్' అని ఓ చిన్న పత్రిక మొదలు పెట్టి హైస్కూల్ కోచ్‌లకు పంపుడు షురూ చేసిన్రు. బెణికితే ఏం చెయ్యాలె, బొబ్బ లేస్తే ఏం చెయ్యాలె, టేపు ఎట్ల చుట్టాలె, అన్నీ అందుల ఉండేటియి. సరుకు అమ్ముకునే కంపెనీయే, కాదనను. కానీ డాక్టరు దొరకని ఊర్లకు ఆ పత్రికే దిక్కయింది. పెద్దోళ్లు చాలక, బడిల చదివే పిల్లలకే ఈ పని నేర్పే శిబిరాలు గూడ పెట్టిన్రు. చిన్నమ్మీ, నీ పని అట్ల పుట్టిందే బిడ్డా.

ట్రైనర్లకు ఓ సంఘం కావాలని 1938ల ఒకటి పెట్టుకున్నరు. యుద్ధం రోజులల్ల అది నిలబడక 1944ల మూతపడ్డది. మళ్ల 1950ల కాన్సస్ సిటీల ఓ నూరు మంది కూడి కొత్తగ పెట్టుకున్నరు. ఇయ్యాలటి జాతీయ సంఘం అదే. పర్డ్యూ యూనివర్సిటీల విలియం న్యూవెల్ అనేటాయన, అందరు పింకీ అనేటోళ్లు, ఇది వట్టి మాలీషు పని కాదు, చదువుకొని పరీక్ష రాసి చెయ్యాల్సిన వైద్యపు పని అని పట్టువట్టి కూసున్నడు. 1970ల మొదటి పరీక్ష పెట్టిన్రు. మరుసటేడు, 1971ల, ట్రైనర్‌కు లైసెన్సు ఉండాలని దేశంల అందరికన్న ముందు చట్టం చేసింది ఏ రాష్ట్రమో తెల్సా? మన టెక్సాసే.

ఇగ నేను కండ్ల జూసిన ముచ్చట చెప్తా. ఉస్మానియాల కెమిస్ట్రీ చదివి ఈ దేశమొచ్చి, డెబ్బైల చివర్ల పశ్చిమ టెక్సాస్‌ల ఓ చిన్న ఊరి హైస్కూల్ల మాస్టర్‌గ చేరిన. ఊరి చుట్టు పత్తి చేన్లు, చేన్ల నడుమ నూనె తోడే పంపులు. శుక్రారం రాత్రయిందంటే ఊరంత స్టేడియంలనే. షాపులు మూసి పోయేటోళ్లు. పండుగ లేదు, జాతర లేదు, వాళ్లకు అదే.

మా బడి ట్రైనర్‌ను అందరు డాక్ అనేటోళ్లు. ఆయన డాక్టర్ కాదు. పొద్దంత నాతోటి సమానంగ ఆరోగ్యశాస్త్రం పాఠం చెప్పి, బడి విడిచినంక జిమ్ పక్కనున్న ఇరుకు గదిల దూరేటోడు. ఆ గదిల ఎత్తు బల్లలు రెండు, ఐసు మిషిను, నీళ్లు సుడి తిరిగే స్టీలు తొట్టి, గోడ పొడుగూత టేపు చుట్టలు. లేపనం వాసన వరండా దాక వచ్చేది. మ్యాచ్ రోజు మధ్యాహ్నం నుంచే పిల్లలు వరుస కట్టేటోళ్లు. చీలమండకు జిగురు మందు కొట్టుడు, పలచని స్పాంజి పొర చుట్టుడు, దాని మీద తెల్ల టేపు. పిక్క మీద రెండు చుట్లు, మడమ కింది నుంచి మూడు పట్టీలు, తర్వాత మడమ కదలకుండ అటొకటి ఇటొకటి. మన దిక్కు పుత్తూరు కట్టు కట్టేటోని చెయ్యి ఎట్ల నమ్మికగ తిరుగుతదో ఆయన చెయ్యి అట్ల తిరిగేది. ఒక్క ముడత రానిచ్చేటోడు కాదు. ముడతొస్తే బొబ్బ లేస్తది, బొబ్బ లేస్తే నడక మారుతది, నడక మారితే మోకాలు పోతదని పిల్లలకు చెప్పుకుంట చుట్టేటోడు.

నీళ్ల ముచ్చట చెప్పకపోతే ఇది పూర్తి గాదు. మన దిక్కు ఎండల పడి ఎవలన్న వాకిట్లకొస్తే పేరు అడుగక ముందే చెంబెడు నీళ్లిస్తం. ఇక్కడ మాత్రం ఆ కాలపు కోచ్‌లు ప్రాక్టీసుల నీళ్లు తాగనియ్యకపోయేది. తాగితే కడుపు పట్టుకుంటదని, పిల్లగాడు మెత్తబడ్తడని నమ్మేటోళ్లు. నీళ్లకు బదులు ఉప్పు గోలీలిచ్చేటోళ్లు. 1954ల టెక్సాస్ ఏ అండ్ ఎం కాలేజీ కోచ్ బేర్ బ్రయంట్ తన పిల్లల్ని జంక్షన్ అనే ఊరికి తోలుకపోయి, కరువుకు నెర్రెలు వారిన నేల మీద, ప్రాక్టీసుల నీళ్లియ్యక పది దినాలు ఆడిచ్చిండు. బస్సుల నిండ పోయినోళ్లల్ల చానమంది మధ్యలనే ఇండ్లకు పారిపోయిన్రు. ఒక పిల్లగాడు వడదెబ్బకు సావు దాక పోయొచ్చిండు. దాన్ని మగతనం కథ లెక్క చానేండ్లు చెప్పుకున్నరు. దాన్ని జూసి ఊరూర్ల హైస్కూల్ కోచ్‌లు అదే బాట పట్టిన్రు.

1965ల ఫ్లోరిడా యూనివర్సిటీల డాక్టర్ రాబర్ట్ కేడ్, ఆయన తోటోళ్లు, చెమటతోని పోయే ఉప్పు, నీళ్లు, చక్కెర మళ్ల ఒంట్లకెట్ల పంపాలె అని లెక్క చూసి గేటరేడ్ చేసిన్రు. కెమిస్ట్రీ మాస్టర్‌ను గద, నాకు ఆ లెక్క శాన నచ్చేది. అయినా పాత నమ్మకం ఊకెనే పోలేదు. మా డాక్ గడియారం చేతుల పట్టుకొని మైదానంలకు నడిచి, కోచ్ మొకం చూడకుండనే "నీళ్లు" అని కేకేసేటోడు. కోచ్ పండ్లు నూరేటోడు. డాక్ ఆగకపోయేది. ఆ నీళ్లు మోసుకొచ్చేది ఎవలు? స్టూడెంట్ ట్రైనర్లే. ఒక్కొక్కని మొకం చూసుకుంట పోవాలె, ఎవనికి చెమట ఆగింది, ఎవడు తడబడుతున్నడు, ఎవడు సీసా అందుకోక తల తిప్పుకున్నడు అని. నీళ్లిచ్చుడంటే మనిషిని చూసుడు. గా పనికి మీరు నవ్విన్రు.

తల ముచ్చట ఇంకా బరువైంది. గట్టి హెల్మెట్లు వచ్చినంక పిల్లలకు ధైర్యమెక్కి తలతోనే పొడుసుడు మొదలు పెట్టిన్రు. 1968 ఒక్క ఏడాదిల ఆటల తగిలిన దెబ్బలకే 36 మంది పోయిన్రు. తలకాయ ముందుకు వంచి గుద్దితే మెడ ఎముకలు ఒకదాని మీద ఒకటి నలిగి ఇరుగుతయని ఫిలడెల్ఫియా డాక్టర్ జోసెఫ్ టార్గ్ దేశమంత కేసులు పోగుచేసి రుజువు చేసిండు. 1976ల తలతో పొడుసుడు నిషేధించిన్రు. ఆ ఏడు మెడ ఇరిగి కాళ్లు చేతులు పడిపోయినోళ్లు 34 మంది. 1984కు అది 5కు దిగింది. 1990ల, 1931 నుంచి రాస్తున్న లెక్కల మొదటిసారి, ఆట దెబ్బకు ఒక్కడు గూడ సావలేదు. కింద పడ్డోని మెడ కదపకుండ ఎట్ల పట్టుకోవాలె, హెల్మెట్ ఎప్పుడు తియ్యద్దు అని పిల్లలకు నేర్పింది ట్రైనర్లు.

తల అదిరినోన్ని ఏం చేసేటోళ్లంటే, ముక్కు కాడ అమ్మోనియా గొట్టం ఇరగ్గొట్టి, వేళ్లు చూపి ఎన్ని అని అడిగి, మళ్ల లోపలికి పంపేటోళ్లు. ఒక రాత్రి మా బడి టీం గెలుపుకు దగ్గర్ల ఉన్నది. మంచి ఆటగాడు దెబ్బతిని లేచి ఎదుటి టీం బెంచీ దిక్కు నడిచిండు. డాక్ వాన్ని కూసోబెట్టి, హెల్మెట్ ఊడదీసి ఓ స్టూడెంట్ ట్రైనర్ పిల్ల చేతిల పెట్టి, "బస్సుల పెట్టు, నువ్వు గూడ అక్కడ్నే ఉండు" అన్నడు. హెల్మెట్ లేకుంటే ఆడ పోనియ్యరు గద. కోచ్ అరిచిండు, పిల్లగాని తండ్రి అరిచిండు. ఆ రాత్రి మేం ఓడినం. ఊర్ల చానమంది డాక్‌తోటి మాట్లాడుడు బంద్ చేసిన్రు. ఆయన సోమారం మళ్ల టేపు చుట్టుకుంట కూసున్నడు. ఆ పిల్లగాడు ఇయ్యాల మనుమల్ని ఎత్తుకొని తిరుగుతున్నడు.

అట్లాంటి డాక్ అందరికి దొరకలే. 2006ల వాషింగ్టన్ రాష్ట్రంల జాకరీ లిస్టెట్ అనే 13 ఏండ్ల పిల్లగాడు తలకు దెబ్బ తగిలినంక అదే మ్యాచ్‌ల మళ్ల ఆడి కుప్పకూలిండు. బతికిండు గని నడక, మాట మళ్ల మొదటి నుంచి నేర్చుకోవాల్సొచ్చింది. 2009ల అక్కడ వాని పేరుతోనే చట్టమొచ్చింది. తల అదిరిందని అనుమానం ఉంటే చాలు, ఆటల నుంచి తియ్యాలె, వైద్యం తెలిసినోళ్లు రాసిచ్చేదాక పంపద్దు. అసుంటి చట్టమే టెక్సాస్‌ల 2011ల వచ్చింది. 2014 వచ్చేసరికి 50 రాష్ట్రాలల్ల వచ్చింది. డాక్ హెల్మెట్ దాచి చేసిన పని ఇప్పుడు చట్టమే చేస్తున్నది.

ఆడపిల్లల సంగతి గూడ చెప్పాలె. 1966ల ఇండియానాల డాటీ కోహెన్ జాతీయ సంఘంల చేరిన మొదటి ఆడమనిషి. 1972ల బడులల్ల ఆడ మగ తేడా చూపద్దని చట్టమొచ్చినంక తలుపులు తెరుసుకున్నయి. మా బడిల మొదట ఇద్దరు పిల్లలు చేరితే ఆడపిల్లలకు ఆ గదిల ఏం పని అన్నోళ్లున్నరు. తర్వాత వాళ్లే ఎక్కువయిన్రు. అందుల ఒకామె నర్సయింది, ఒకామె ట్రైనరయింది.

2001 ఆగస్టుల మిన్నెసోటా ఆటగాడు కోరీ స్ట్రింగర్ వడదెబ్బకు సచ్చిపోయిండు. అటెన్క ట్రైనర్లు ఒక మాట గట్టిగ పట్టుకున్నరు. ముందు చల్లబర్సు, తర్వాత ఆస్పత్రికి పంపు. అందుకే ఇప్పుడు మైదానం పక్కన ఐసు నీళ్ల తొట్టి ఉంటది. 2023 జనవరిల డమార్ హామ్లిన్ అనే ఆటగాడు గుండె ఆగి మైదానంల పడ్డది మీరు టీవీల చూసిన్రు. ఉరికొచ్చి ఛాతీ ఒత్తినాయన డెన్నీ కెల్లింగ్టన్. అప్పుడు ఆయన ఉద్యోగం అసిస్టెంట్ అథ్లెటిక్ ట్రైనర్.

హామ్లిన్ ఉన్నది పెద్ద స్టేడియంల. ఈ దేశంల మూడింట ఒక వంతు హైస్కూళ్లకు ఇయ్యాలటికీ ట్రైనర్ లేడు. చిన్న ఊర్లు, పైసలు లేని బడులు ఎక్కువ. స్కోర్‌బోర్డుకు లక్షల డాలర్లు దొరుకుతయి, ట్రైనర్ జీతానికి దొరకవు. నాకు ఇది శాన బాధనిపిస్తది.

అందుకే మీకు ఒక మాట చెప్తున్న. మన తెలుగోళ్లం పిల్లల్ని ఆటలల్ల చేర్పిస్తున్నం, మంచిదే. సంతకం పెట్టేముందు బడోళ్లను అడుగుండ్రి: ప్రాక్టీసుకు గూడ ట్రైనర్ ఉంటడా, ఐసు తొట్టి ఉన్నదా, గుండె ఆగితే షాకిచ్చే మిషిను ఏడున్నది? లేదంటే స్కూల్ బోర్డు మీటింగుకు పోయి అడుగుండ్రి, ఓటు మీకు గూడ ఉన్నది. ఆడేటోళ్లు నొప్పి దాసుకోవద్దు, ట్రైనర్ కూసోమంటే కూసోవాలె. చిన్నమ్మీ, నువ్వు నీళ్లిచ్చేటప్పుడు ప్రతి ఒక్కని మొకం చూడు. అనుమానమొస్తే కోచ్‌కు భయపడక మీ ట్రైనర్‌కు చెప్పు.