గుంటూరు గ్రహణం: అసలు ఘనత మర్నాటిదే

ఏటా ఆగస్టు 18 దగ్గరపడగానే 'హీలియం బయటపడింది మన గుంటూరులోనే' అన్న మాట మళ్లీ వినబడుతుంది. 1868లో అదే రోజున ఫ్రెంచి శాస్త్రవేత్త పియరీ జాన్సెన్ గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించిన మాట నిజం. ఆ ఊరికి పేరు దక్కాల్సిందే. అయితే ఆ పేరు హీలియం వల్ల కాదు, గ్రహణం విడిచిన మర్నాడు అక్కడ జరిగిన పని వల్ల దక్కాలి. ఆ పని హీలియం కన్నా పెద్దది.

గ్రహణం ఎప్పుడు పడుతుందో మనవాళ్లకు ఏనాడో తెలుసు. అది నీడల వల్ల కలిగేదని ఆర్యభటుడు ఐదో శతాబ్దం చివర్లోనే చెప్పాడు. పంచాంగకర్తలు తరతరాలుగా ఆ లెక్కలు కడుతూనే వచ్చారు. కానీ సూర్యుడిలో ఏముందో తెలుసుకునే సాధనమే అప్పట్లో లేదు. నక్షత్రాల రసాయన స్వరూపం మనిషికి ఎన్నటికీ అందదని తత్త్వవేత్త ఆగస్త్ కోంత్ 1835లో తేల్చేశాడు. పాతికేళ్లు తిరక్కుండానే, 1859లో, ప్రతి మూలకానికీ వర్ణపటంలో తనవే అయిన గీతలుంటాయని జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ చూపించారు.

ఆ సాధనానికి 1868 గ్రహణం పెద్ద పరీక్ష. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలో, అదే వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలో మకాం వేశారు. గుంటూరులో జాన్సెన్ ఓ ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో పరికరాలు అమర్చుకున్నాడు. చంద్రుడు బింబాన్ని పూర్తిగా కప్పేయగానే అంచున ఎర్రటి జ్వాలలు ఎగసి కనిపించాయి. కాంతిని వర్ణపటంగా విడదీసే స్పెక్ట్రోస్కోపును వాటి మీదికి తిప్పితే, రంగులు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయే పట్టీకి బదులు మెరిసే గీతలు విడివిడిగా నిలిచాయి. అంటే అవి వెలిగే వాయువులు, ముఖ్యంగా హైడ్రోజన్. అంత కాంతిమంతమైన గీతలు పట్టపగలు మాత్రం ఎందుకు కనిపించవన్నది జాన్సెన్‌కు తట్టిన ప్రశ్న. మర్నాడు ఉదయం స్పెక్ట్రోస్కోపు సన్నటి చీలికను సూర్యుడి అంచుకు గురిపెట్టాడు. ఆకాశపు వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి కాబట్టి పట్టకంలో పడి విస్తరించేసరికి పలచబడిపోతుంది. జ్వాల కాంతి కొన్ని గీతల్లోనే ఉంటుంది కాబట్టి చెక్కుచెదరదు. అనుకున్నట్టే గీతలు కనిపించాయి. రెండు వారాలకు పైగా రోజూ జ్వాలల ఆకారాలను ఆయన అక్కడినుంచే గమనించాడు. గ్రహణం పట్టిన ఆ కొద్ది నిమిషాల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిన అగత్యం తీరింది.

ఈ ఉపాయం ఇంగ్లండులో ఖగోళ పరిశోధకుడు నార్మన్ లాకియర్‌కు అంతకుముందే తట్టింది కదా అనవచ్చు. తట్టింది, కానీ తగిన పరికరం చేతికంది ఆయన ఆ గీతలను చూసింది అక్టోబరు 20న. కళ్లతో చూసి నిరూపించడంలో ముందున్నది గుంటూరే. మరి హీలియం? తర్వాత హీలియానిదని తేలిన పసుపు గీత జ్వాలల్లో గ్రహణం నాడు పలువురికి కనిపించినా, అది సోడియం గీతే అన్న భావన బలంగా ఉండేది. అది సోడియం గీతతో కలవదని కచ్చితమైన కొలతలతో తేల్చినవాడు లాకియర్. జాన్సెన్ కాకినాడ నుంచి రాసిన లేఖ, లాకియర్ వార్త అక్టోబరు 26న ఒకే సమావేశంలో పారిస్ అకాడమీ ముందుకు వచ్చాయి. ఇద్దరి ముఖాలతో ఫ్రాన్స్ వేయించిన పతకం కూడా సౌరజ్వాలల విశ్లేషణకే గుర్తు, కొత్త మూలకానికి కాదు.

ఆ తర్వాత హీలియం కథ వేరే దారి పట్టింది. 1895లో రసాయన శాస్త్రవేత్త విలియం రామ్సే హీలియాన్ని యురేనియం ఖనిజంలో పట్టుకున్నాడు. 1908లో లైడెన్‌లో దాన్ని ద్రవంగా మార్చారు. సుమారు మైనస్ 269 డిగ్రీల ఆ ద్రవమే నేడు ఆస్పత్రుల్లో ఎంఆర్‌ఐ అయస్కాంతాలను చల్లబరుస్తోంది. వీటిలో ఏదీ గుంటూరు నుంచి తిన్నగా వచ్చింది కాదు. తిన్నగా వచ్చింది వేరొకటి: సూర్యుణ్ని చదవడానికి గ్రహణం కోసం కాచుకోనక్కర్లేదన్న ధైర్యం. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరిన సౌర పరిశోధక నౌక ఆదిత్య-ఎల్1, బింబాన్ని తానే మరుగుపరచి సూర్యుడి బయటి వాతావరణమైన కరోనాను చూస్తోంది. పద్ధతి వేరైనా పట్టుదల అదే. హీలియంలో వాటా అడగడం కన్నా ఈ వారసత్వాన్ని పిల్లల పాఠంలో చేర్చడమే గుంటూరుకు సరైన గౌరవం.