మూడడుగుల నీరు



తిరువూరు మెరక ప్రాంతము. మామిడితోటలు, ప్రత్తిచేలు, దూరమున గుట్టలు - ఇవియే మా ఊరి దృశ్యములు. వానకాలమున కట్లేరు పొంగి దారి మూసిన నాడు తప్ప మాకు నీటితో పెద్ద పేచీ లేదు. అయినను 2022 ఏప్రిలులో ఎన్.టి.ఆర్. జిల్లా ఏర్పడువరకు మా జిల్లాకు ముఖ్యపట్టణము సముద్రము చెంతనున్న మచిలీపట్నమే. భూమి తగాదా వచ్చినను, ఉద్యోగపు ఉత్తర్వు కావలసినను 100 కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసి బందరు పోవలసినదే. అట్లు పోయి వచ్చినవారిలో కలెక్టరు కచ్చేరి చూచినవారే గాని సముద్రమును చూచినవారు అరుదు. నేనును ఆ కోవలోనివాడనే. ముప్పది యేండ్లు బడిలో చరిత్ర చెప్పితిని. బందరు కోట పతనమును ఏటేట చెప్పితిని. ఆ కోట చుట్టునున్న నీటిని మాత్రము ఒక్కనాడును పరికించి యెరుగను.

ఆ లోపమును తీర్చినవాడు నా బాల్యమిత్రుడు. అతనికి గాలముల పిచ్చి మెండు. "పుస్తకాలు చాల్లేరా, ఒక్కసారి ఉప్పునీళ్ల మీదికి రా" అని ఒక పుష్యమాసపు రాత్రి నన్ను లాగుకొని పోయెను. గిలకలదిండిలో ఒక వృద్ధ సరంగు మాకు దారి చూపుటకు ఒప్పుకొనియుండెను.

తెల్లవారకమునుపే రేవు చేరితిమి. సరంగు మాత్రము పడవను కదల్పలేదు. పడవ అడుగు బురదకు ఆనియున్నది. "తొందరేంటి బాబూ, పోటు రానీండి. నీళ్లు మన మాట వినవు" అనెను. మిత్రుడు విసుగుకొనెను గాని నాకు ఆ విరామము మేలే చేసినది. ఒడ్డున కూర్చుండి, నాకు తెలిసిన నాలుగు మాటలు వారికి చెప్పితిని.

ఈ తీరము మిక్కిలి ప్రాచీనమైనది. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఒక గ్రీకు నావికుడు వ్రాసిన సముద్రయాన గ్రంథమున ఇది మసాలియా. రెండవ శతాబ్దపు టాలెమీ దీనిని మైసోలియా అనెను. ఇచ్చటి సన్నని నూలుబట్టలు ఆనాడే ప్రసిద్ధములు. మజ్లిన్ అను మాట మన మచిలీపట్నము నుండియే పుట్టినదని మావారు కొందరు గర్వముగా చెప్పుదురు. అది నిజమైన నాకును సంతోషమే. కాని పండితులు ఇరాకులోని మోసుల్ పట్టణమునే చూపుచున్నారు. బందరు అనగా పారసీకమున రేవు. గోలకొండ సుల్తానుల కాలమున ఇది గొప్ప రేవు. డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను, ఫ్రెంచివారు 1669లోను ఇచ్చట వర్తకస్థానములు నెలకొల్పిరి. అద్దకపు బట్టలకై వచ్చిన వారి ఓడలు మాత్రము ఒడ్డునకు రాలేదు. తీరమున లోతు లేదు. కృష్ణ తెచ్చిన ఒండ్రు మైళ్ల దూరము సముద్రములో పరచుకొనియున్నది. ఓడలు లోసముద్రమున లంగరు వేయగా, సరకులను చిన్న పడవలపై మోయవలసివచ్చెను. ఆ పడవలను నడపినవారు ఈ సరంగు వంటివారే. వర్తకుల లెక్కపుస్తకములందు బట్టల పేర్లు నిలిచినవి గాని, వీరి పేర్లు నిలువలేదు.

ఇంతలో పడవ మెల్లగా ఊగినది. పోటు వచ్చినది.

ఇరువైపుల మడచెట్లు, వాని వ్రేళ్ల నడుమ పీతల కన్నములు. మొగ దగ్గర సరంగు యంత్రమును ఆపి, బ్రతికియున్న రొయ్యను ఎరగా గ్రుచ్చి, గాలమును ఎక్కడ వేయవలెనో వ్రేలితో చూపెను. నీరు కదలునప్పుడే చేప కదలుననియు, నిలుకడ నీట గాలము వేయుట రొయ్యను పారవేయుటయే ననియు ఆయన సిద్ధాంతము. అట్లే జరిగినది. పోటు సాగినంతసేపు మిత్రుని గాలమునకు చేపలు తగులుచునే యుండెను. ఒక పండుగప్ప నీటిపైకి ఎగిరి, తల విదిల్చి, గాలమును వదలించుకొని పోయెను. మరియొకటి చిక్కినది. నాకు చిక్కినది కొయ్యింగ యొకటి, అదియు చేతివలలో.

పోటు నిలిచెను. తరువాత నీరు వెనుకకు తీయసాగెను. "ఇక పోదాం బాబూ" అని సరంగు రెండుమార్లు హెచ్చరించెను. ఇంకొక్క పండుగప్ప అని మిత్రుడు బ్రతిమాలెను. ఫలితముగా తిరుగుదారిలో, రేవునకు కనుచూపు మేరలో, పడవ బురదను పట్టుకొనెను. నేను లోతు చూతమని దిగితిని. నీరు నడుమునకు దిగువనే. కాని కాళ్లు మోకాళ్లవరకు దిగబడి, ఒక కాలు తీయుటకు రెండవ కాలు మరింత దిగినది. సరంగు నన్ను భుజము పట్టి పైకి లాగి, "అట్టా నిలబడకూడదు, అడుగు ఆనించీ ఆనించకుండా పోవాలి" అని, తాను దిగి ఆ బురదపై కొంగవలె నడచి చూపెను.

నేనేటేట చెప్పిన పాఠము అప్పుడు నాకు అర్థమైనది.

1759లో బందరు కోట ఫ్రెంచివారి చేతిలో నుండెను. కాన్‌ఫ్లాన్ దాని అధిపతి. అంతకు ముందటి డిసెంబరులో చందుర్తి వద్ద అతనిని ఓడించి తరుముకొని వచ్చిన కర్నల్ ఫోర్డు కోటను ముట్టడించెను. విజయనగర ప్రభువు ఆనందరాజు ఫోర్డునకు తోడు. ముట్టడి సాగినకొలది కష్టము ఫోర్డుకే. నిజాము సలాబత్‌జంగు ఫ్రెంచివారికి సాయముగా సేనలతో బెజవాడకు చేరెను. మందుగుండు రెండు రోజులకు మించి లేదు. ఏప్రిలు 7వ తేది రాత్రి దాడి చేయ నిశ్చయించిరి. ముహూర్తము అర్ధరాత్రి. చీకటి మంచిదనియే నేను పిల్లలకు చెప్పుచుంటిని. అసలు కారణము వేరు. అగడ్తలోనికి సముద్రపు పోటు వచ్చును. ఆటు పూర్తిగా తీసి, నీరు మూడడుగులకు దిగునది ఆ వేళనే. నైరుతి దిక్కున ఊబినేల యున్నందున ఫ్రెంచివారు అటు నిర్భయముగా నుండిరి. కాని స్థానికులు ఆ బురదను దాటి నడచుటను ఇంగ్లీషువారు గమనించిరి. కెప్టెన్ నాక్సు సిపాయిలతో అటునుండి బూటకపు దాడి చేసి కోటలోనివారిని కలవరపెట్టగా, అసలు దండు ఈశాన్యమున బురదను, అగడ్తను ఈది బురుజునెక్కెను. తెల్లవారుసరికి కాన్‌ఫ్లాన్ లొంగెను. పట్టుబడినవారు పట్టుకొన్నవారికంటె ఎక్కువమంది. మే 14న సలాబత్‌జంగు ఇంగ్లీషువారితో సంధి చేసికొని, మచిలీపట్నమును, దాని చుట్టునున్న సీమను వారికి వదలెను. ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి పెత్తనము అంతటితో ముగిసెను.

పాఠ్యపుస్తకమున ఫోర్డు ధైర్యము కలదు, నాక్సు పేరు కలదు. అడుగు ఆనించీ ఆనించకుండ ఆ ఊబిని దాటి, తెలియకయే దారి చూపిన మనుష్యుల మాట లేదు. నేనును చెప్పలేదు. నా వద్ద చదివిన పిల్లలలో కొందరికి ఇప్పుడు మనుమలున్నారు.

ఇదంతయు సరంగునకు చెప్పితిని. ఆయన పెద్దగా ఆశ్చర్యపడలేదు. "నీళ్లు తీసినప్పుడు ఎవరైనా వస్తారు బాబూ. నీళ్లు వచ్చినప్పుడే ఎవరూ ఉండరు" అనెను. ఆయన మనస్సులో నున్నది 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన. నాకు మాత్రము 1864 నవంబరు 1 రాత్రి జ్ఞాపకము వచ్చెను. ఆ తుపానున సముద్రము బందరు ఊరిమీదికి వచ్చి, సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకొనెను. ఏ శత్రువును ఈ రేవునకు చేయని హాని అది. దానికి ముందే ఒండ్రు పూడి క్షీణించుచున్న వర్తకము పిమ్మట తిరిగి కోలుకొనలేదు. క్రొత్త ఓడరేవునకు 2023 మే నెలలో శంకుస్థాపన జరిగినది. ఆ మాట యెత్తగా సరంగు, "లోతు తవ్వాలిగా" అని మాత్రమనెను.

మరల పోటు వచ్చువరకు ఆ బురదలోనే కూర్చుంటిమి. మధ్యాహ్నము దాటినది. తెచ్చుకొన్న పులిహోర ముగ్గురమును పంచుకొంటిమి. ఒడ్డు చేరిన పిదప మిత్రుడు పండుగప్పను మంచుముక్కలలో పెట్టి మూటకట్టెను. రాత్రి పదిగంటలకు తిరువూరు చేరునప్పటికి నా పంచెకు అంటిన బురద ఎండి తెల్లబడి, పై ఉప్పు మెరయుచుండెను.