పటము దీసినవాని ఋణము

పరదేశమున కేగి, అచ్చటి జనుల పండుగలను, పెండ్లిండ్లను, కట్టుబొట్టులను కన్నులార జూచి, వానిని ఛాయాచిత్రములుగా బట్టి తెచ్చుకొనవలెనను కోరిక నేడు సామాన్యులకును గలిగినది. జేబులో నిమిడెడు ఫోనే కెమెరా యగుటచే నిందులకు శ్రమయును లేదు, వ్యయమును స్వల్పము. ఈ కోరికను మేము నిందింపము. నూతికప్పవలె నుండుటకంటె లోకము జూచుట మేలు. కాని పటము దీయువాడు ఎదుటివానినుండి యేదో యొకటి తీసికొని పోవుచున్నాడు గదా! దానికి మాఱుగా వాడిచ్చున దేమి? ఈ ప్రశ్నకు చరిత్ర యెట్టి యుత్తరము లిచ్చినదో విచారింతము.

స్కాట్లండు దేశీయుడగు జాన్ థామ్సన్ 1862 లో సింగపూరు చేరి, నడుమ స్వదేశమున గడపిన కొలదికాలము తప్ప, 1872 వఱకును తూర్పుదేశములందే తిరిగెను. ఆ దినములలో గాజుపలకకు మందు పూసి, అది తడియాఱక మునుపే పటము దీసి, అక్కడికక్కడే కడుగవలసి యుండెను. కావున చీకటిగుడారమును, గాజుపలకలను, మందుసీసాలను కూలీలచే మోయించుకొని యాతడు కొండలును నదులును దాటెను. 1873, 1874 సంవత్సరములలో వెలువడిన యాతని చైనా గ్రంథము నాలుగు సంపుటములలో 200 పటములు గలవు. కెమెరా మాయాయంత్రమనియు, దానికి జిక్కినవాని యాయువు తఱుగుననియు పెక్కుచోట్ల జనులు భయపడిరనియు, కొన్నియెడల తనపై ఱాళ్లు రువ్విరనియు నాతడే వ్రాసికొనెను. ఈ భయమును మౌఢ్యమని నవ్వవచ్చును. అయినను, ముక్కుమొగ మెఱుగని యొకడు మన రూపమును గొనిపోయినపుడు, అది యెవరి చేతబడునో, దానిక్రింద వారేమి వ్రాయుదురో మన మెఱుగము. ఆ జనుల శంకలోని యీ భాగము మాత్రము మౌఢ్యము కాదు. మనదేశపు చరిత్రయే యిందులకు సాక్షి.

1857 తిరుగుబాటు ముగిసిన పిదప, తా మేలుచున్న జనులెట్టివారో తెలిసికొనవలెనని యాంగ్లప్రభువులు దేశమంతటను పటములు తీయించి లండనునకు జేర్చుకొనిరి. వానినుండి యేర్చి 1868 మొదలు 1875 వఱకు ‘హిందూదేశ జనులు’ అను నర్థముగల పేరుతో నెనిమిది సంపుటములు, 400కు మించిన పటములతో, ప్రకటించిరి. అందు పెక్కు పటములక్రింద మనుష్యుని పేరు లేదు. కులముపేరో, తెగపేరో మాత్రము గలదు. ఫలానా తెగ నమ్మదగినదా, కాదా యను తీర్పులును కొన్నిట గలవు.

1869 లో లండనునం దున్న సయ్యద్ అహ్మద్ ఖాను ఇండియా ఆఫీసులో తన కుమారులతో నీ గ్రంథమును జూచి, తన దేశీయులను బట్టలేని మోటువారినిగా జూపియుండుటకు మిక్కిలి ఖేదపడెను. అదే సమయమున నొక యాంగ్లయువకుడు వచ్చి, నీవును హిందూస్థానీవేనా యని యాయన కుమారుడగు మహమూదు నడిగెను. ఔనని చెప్పుచునే మహమూదు సిగ్గుపడి, తా నాదిమజాతివాడను కాననియు, తన పూర్వులు పరదేశమునుండి వచ్చినవారనియు వెంటనే చెప్పుకొనెను. పటమువలన గలిగిన యవమానము ఒకరి నెత్తినుండి దిగి, వారికంటె దుర్బలులగు నడవిజనుల నెత్తి కెక్కినది! మేమీ యువకుని దూఱము. ఆ తావున నుండినచో మనలో పెక్కు రదే చెప్పియుందురు.

అయితే పటము దీయుట కీ మార్గ మొక్కటియే కాదు. మఱియొక మార్గమును జూపిన కథ మన తెలుగుగడ్డమీదనే జరిగినది. వియన్నా నగరమున 1909 లో జన్మించిన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ జనుల యాచారములను పరిశీలించు శాస్త్రము నభ్యసించి, మొదట నాగాకొండలలో పనిచేసెను. రెండవ మహాయుద్ధము ప్రారంభమగునప్పటికి, శత్రుదేశపు పాస్‌పోర్టు గలవాడగుటచే, ఆయనయు భార్య బెట్టీయు హైదరాబాదు రాజ్యమునందే నిలిచిపోవలసివచ్చెను. 1940 లో వారు అమ్రాబాదు పీఠభూమిమీది చెంచులనడుమ నివసించి, వారి జీవనమును వ్రాసికొని, పటములు దీసిరి. ‘చెంచులు’ అను గ్రంథము 1943 లో వెలువడెను.

ఆ 1940 లోనే జోడెఘాటువద్ద కొమరం భీము పోలీసు తుపాకులకు బలియయ్యెను. అడవులను ప్రభుత్వము ప్రత్యేకించుట, పైనుండి వచ్చినవారు భూములకు పట్టాలు పొందుట, వడ్డీవ్యాపారుల పీడనము — వీనివలన గోండులు తమ నేలమీదనే యన్యులైరి. వారి దుఃస్థితిని విచారించుటకు నిజాము ప్రభుత్వము హైమెండార్ఫును నియోగింపగా, ఆయన ఆదిలాబాదు ప్రాంతమున మార్లవాయి గ్రామము జేరి గోండులలో నొకడై మెలగెను. వారి పండుగలను, దండారి నాట్యమును వర్ణించి యంతటితో నూరకుండలేదు. వారి భూములనుగూర్చి ప్రభుత్వమునకు నివేదించెను. అనేక కుటుంబములకు పట్టాలు లభించెను. 1943 లో మార్లవాయియందు గోండు బాలురకు వారి మాటలోనే చదువు చెప్పుటకు ఉపాధ్యాయులను సిద్ధపఱచు పాఠశాల వెలసెను.

ఆయన గూడ ఒక ప్రభుత్వపు సలహాదారే యనుట సత్యము; ఆ ప్రభుత్వపు తుపాకులే గోండులను గాల్చినవనుటయు సత్యమే. ఈ విషయమును మఱవరాదు. అయినను 1970వ దశకమున మరల వచ్చి, వారి భూములు తిరిగి యన్యుల పాలగుచుండుట జూచి, 1982 లో భారతదేశపు తెగల బ్రతుకుపోరాటమునుగూర్చి గ్రంథము ప్రకటించెను. 1987 లో బెట్టీ మరణింపగా మార్లవాయియందే సమాధి జేసిరి. గోండు లామెను నేటికిని తమయింటి మనిషిగా దలచుకొందురు.

పర్యటనకు బోవు ప్రతివాడును నలువదియేండ్లు సేవచేయవలెనని మేము కోరుట లేదు. అనుమతి యడుగుట, పేరు తెలిసికొనుట, తీసిన పటమును వారికి జూపుట, స్వగ్రామమునకు వచ్చినపుడు వారినిగూర్చి వింతకథలు గాక నిజము చెప్పుట — ఇంతమాత్రము ఎవనికిని భారము గాదు. ఒకనాడు లండను పుస్తకములో పేరులేక నిలిచినవారము మనమే. నేడు కెమెరా మన చేతికి వచ్చినది. బాలిద్వీపమున గాని, ఆఫ్రికా పల్లెలో గాని, మన యడవిలోని చెంచుపెంటయందు గాని, మనకు జరిగిన యన్యాయమును మనమే యితరులకు జేయకుండుట మన విధి.